అల్లుడిని పట్టించిన కోచ్

మార్కాపురంలో పెళ్లి బట్టలంటే కోటేశ్వరరావు దుకాణమే. ఏ పెళ్లిలో ఎవరు ఎవరికి ఏం పెట్టాలో ఇంటివాళ్లు మరిచిపోయినా ఆయన మరిచిపోడు. "మేనత్తకు చీర తియ్యలేదేందమ్మా? రేపు పందిట్లో ఆమె మూతి ముడుచుకుంటే ఎవరు సర్దిచెప్పేది?" అని గుర్తుచేసి మరీ అమ్ముతాడు. యాభై రెండేళ్లు, మోకాళ్ల నొప్పులు, మనిషికన్నా ముందు నడిచే పొట్ట. అలాంటాయన తర్లుపాడు కబడ్డీ టీముకు కోచ్ అయ్యాడంటే బజారంతా నవ్వింది. నవ్వకుండా ఎలా ఉంటారు పాపం!

పిచ్చి మాత్రం చిన్ననాటిది. బడి వదిలి పిల్లలంతా కబడ్డీకి దిగే వేళకు వాళ్ల నాయన ఆయన్ని పిలిపించి దుకాణంలో కూర్చోబెట్టేవాడు. వీధిలోంచి కూత వినిపిస్తుంటే లోపల గుడ్డ కొలిచేవాడు. ఒక్కనాడూ ఆడలేదు. పెద్దయ్యాక ఆ ఉక్రోషమంతా తిరునాళ్ల పోటీల్లో తీర్చుకున్నాడు. గిద్దలూరులో జరిగినా, పుల్లలచెరువులో జరిగినా గీత పక్కన నిలబడి ఆటగాళ్లకు సలహాలు ఇవ్వాల్సిందే, గొంతు పోవాల్సిందే.

తర్లుపాడుది ఆషామాషీ టీము కాదు. పలకల ఫ్యాక్టరీ యజమాని ఒకాయన ఆటగాళ్లకు జీతాలిచ్చి ఆడిస్తున్నాడు. పాత కోచ్ విక్టర్ ఈసారి పామూరు టీముకు వెళ్లిపోయాడు. సీజన్ దగ్గర పడుతున్నా కొత్తవాడు దొరకలేదు. కెప్టెన్ శ్రీకాంత్ దుకాణానికి వచ్చాడు.

"బయట నిలబడి అన్నీ చెప్తా ఉంటావు గదా కోటన్నా. లోపలికొచ్చి చెప్పు."

ఆయనకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తెల్లవారి భార్య రామతులసమ్మతో చెప్పాడు.

"పొద్దున్నే మీరు గ్రౌండుకు పోతే దుకాణం ఎవరు తెరవాల?" అంది ఆమె. "సరే, ఒక్క సీజన్ పోండి. పామూరును కొడితే మీ ఇష్టం. కొట్టలేదా, జన్మలో మళ్లా ఆ మాట ఎత్తగూడదు."

నాలుగేళ్లుగా తర్లుపాడు అందరినీ ఓడిస్తుంది, పామూరు దగ్గరికొచ్చేసరికి బోర్లా పడుతుంది. ఆ సంగతి తెలిసే షరతు పెట్టింది, గట్టి మనిషి.

సీజన్ బాగానే మొదలైంది. మొదటి రెండు పోటీల్లో కప్పు తర్లుపాడుదే. బజారులో నవ్వులు సగానికి సగం తగ్గాయి. మూడోది గిద్దలూరులో. ఎదురుగా పామూరు.

పామూరు రైడర్ రాజేష్ కూతకు వస్తే చిరుతే. ఎప్పుడూ ఎడమ మూల మీదికే వస్తాడు. ఆ మూలలో రామయ్య ఉన్నాడు. ఎద్దును నిలబెట్టగల బలం అతనిది. రాజేష్ చీలమండ రెండుసార్లు చేతికందింది, రెండుసార్లూ వదిలేశాడు. మూడోసారి రాజేష్ జారి ముందుకు తూలితే, కోర్టు మధ్యలో, ఆట నడుస్తుండగా, రామయ్య చెయ్యి ముందుకు చాచి "భద్రం అల్లుడా" అన్నాడు. అల్లుడు ఆ చేతిని తాకి పాయింటు తీసుకుని వెళ్లిపోయాడు. ఒక్క పాయింటుతో ఓడారు.

తిరుగు ప్రయాణంలో వ్యానులో అందరూ రామయ్యను తిట్టారు. కోటేశ్వరరావు కళ్లముందు మాత్రం నాలుగేళ్ల కిందటి పెళ్లి తిరుగుతోంది. తర్లుపాడు పిల్ల స్రవంతిని రాజేష్‌కు ఇచ్చారు. పిల్లకు తండ్రి లేడు. పీటల మీద కూర్చోవడానికని పంచె, చీర కొనుక్కుపోయింది బాబాయి, పిన్ని. ఆ బాబాయి ఈ రామయ్యే.

"రాజేష్ కాళ్లు కడిగి కన్యాదానం చేసింది నువ్వే గదా రామయ్యా?" అని అడిగాడు.

రామయ్య తల వంచుకున్నాడు. "కడిగిన చేత్తో ఆ కాళ్లు పట్టి ఎట్ల లాగేది కోటన్నా? పట్టుకుందామనే పోతా. చేతులు రావు."

నాలుగేళ్లు విక్టర్ అతనికి పట్లు నేర్పి నేర్పి అలిసిపోయాడు. లోపం పట్టులో ఉంటే కదా!

"నీ తప్పేం లేదు," అన్నాడు కోటేశ్వరరావు. "మామతో కాని పని బావమరిదితో అవుతాది. ఒరేయ్ తరుణ్, నువ్వేమంటావు?"

తరుణ్ స్రవంతి తమ్ముడు, టీములో అందరికన్నా బక్కపలచనివాడు. పెళ్లిలో బావకు ఉప్పు కలిపిన కాఫీ తాగించిన ఘనుడు. "బావనా? ఎప్పుడు పట్టమంటే అప్పుడు పడతా," అన్నాడు.

అక్కడి నుంచి రోజూ అదే సాధన. రాజేష్ కూతకు వస్తే రామయ్య మధ్యకు జరగాలి, తరుణ్ మూలకు రావాలి. చుట్టరికం చూసి ఆటగాళ్లను నిలబెట్టిన కోచ్ ఏ దేశంలోనైనా ఉన్నాడో లేడో!

ఆఖరి పోటీ పామూరులోనే. ఫైనల్‌కు మళ్లీ ఆ రెండు టీములే. చివరి నిమిషానికి ఇరవై ఎనిమిదికి ఇరవై ఎనిమిది. ఆఖరి కూత రాజేష్‌ది.

రాజేష్ ఎడమ మూలకు వచ్చాడు. అక్కడ మామ బదులు బావమరిది పళ్లికిలిస్తూ కనిపించాడు. అతను కాలు వెనక్కి తీసేలోపే తరుణ్ చీలమండ అందుకున్నాడు. రాజేష్ అతన్ని కూడా ఈడ్చుకుంటూ గీత వైపు పాకాడు. చెయ్యి గీతకు జానెడు దూరంలోకి వచ్చింది. అప్పుడు వెనక నుంచి రామయ్య వచ్చి అల్లుడి నడుము వాటేసుకున్నాడు. కాళ్లు కడిగాడు కానీ నడుము కడగలేదుగా! విజిల్ మోగింది.

రాజేష్ మట్టి దులుపుకుని నవ్వుతూ బావమరిది వీపు మీద ఒకటి చరిచాడు. గుంపులోంచి స్రవంతి చప్పట్లు కొట్టి, అత్తగారు పక్కనే ఉందని గుర్తొచ్చి చేతులు దించుకుంది.

కోటేశ్వరరావు ఇంటికి ఫోన్ చేశాడు.

"తులసీ, పామూరును కొట్టినాం."

"చూసినా. దుకాణంలో అందరం ఫోన్‌లో చూసినాం." రామతులసమ్మ గొంతు బొంగురుపోయి ఉంది. దుకాణంలో ఆవిడ ఎంత అరిచిందో ఆయనకు అర్థమైంది. "రేపు మీరు నిదానంగా గ్రౌండుకు పోండి. దుకాణం నేను తెరుస్తాలే. ఎల్లుండి కూడా నేనే తెరుస్తా."

కోటేశ్వరరావు ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. కోర్టు మధ్యకు నడిచి, చొక్కా మాసిపోతుందని కూడా చూడకుండా ఆ మట్టిలో చతికిలబడి, అందరూ చూస్తుండగా హాయిగా ఏడ్చాడు.