పసుపు మింగిన చక్

మొన్న సోమవారం పొద్దున్న మా మావగారు పోయారు. ఆస్పత్రి నుంచి మా ఆయన ఫోన్ చేసేసరికి నేను బొబ్బిలిలో మా వర్క్‌షాపులో ఇనుము తిప్పి చెక్కే లేత్ మిషను మీద మోటారు షాఫ్టు తిప్పుతున్నాను. నాట్ల రోజులు, రైతు పని ఆపొద్దని మావగారే నన్ను పంపించారు. మిషను ఆపి, చేతులు తుడుచుకుని, షట్టరు దించాను. ఏడుపు ఆటో ఎక్కాక వచ్చింది.

నాకు ఈ పని నేర్పింది మావగారే. శృంగవరపుకోట నుంచి కోడలిగా వచ్చిన కొత్తలో అన్నం క్యారేజీ తీసుకెళ్లి, ఆయన తినేదాకా మిషను వంక చూస్తూ కూర్చునేదాన్ని. ఒకరోజు పప్పన్నం కలుపుకుంటూ, "సూస్తే ఏటొస్తాది అమ్మీ? సెయ్యి పెట్టు" అన్నారు. మా అత్తగారు నెత్తి కొట్టుకున్నారు. మా ఆయనది రైల్వే ఉద్యోగం, ఇనుము వాసనే పడదు. అలా కొడుకుకి అబ్బని విద్య కోడలికి దక్కింది.

మావయ్యకి పట్టింపులు ఎక్కువ. చక్ బిగించే తాళం పని అవగానే తువ్వాల్లో చుట్టి భుజాన వేసుకునేవారు. నేను నవ్వితే, "సక్కులో తాళం మరిసిపోయినోడికి దేవుడు కూడా అడ్డం రాడు" అనేవారు. చక్ అంటే ఇనుప కడ్డీని మూడు దవడలతో పట్టుకుని తిప్పే భాగం. తాళం అందులోనే ఉండగా మిషను వేస్తే అది ఎగిరొచ్చి మనిషికి తగుల్తుంది. మాది చాలా పాతది.

ఒక దసరాకి నాకు భక్తి ఎక్కువైంది. ఆయుధపూజకి పసుపు ముద్ద కలిపి, చక్ మూడు దవడలకూ దిట్టంగా పట్టించి కుంకుమ అద్దాను. ఆ తర్వాత నేను తిప్పిన షాఫ్టు ఒకటి పట్టుకొచ్చి ఒక రైతు బల్ల మీద పడేశాడు. "బేరింగు మాడిపోనాది బాబూ. ఆడమనిసి సేత సేయిస్తే ఇలగే ఉంటాది" అన్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది. "నా సేతికి ఈ పని రాదు మావయ్యా. ఇంక మిషను ముట్టను" అనేశాను.

ఆయన రైతుతో గొడవ పడలేదు, నన్ను ఓదార్చనూ లేదు. "సెయ్యిని తిట్టే ముందర సక్కుని అడగాల" అని, నున్నటి కడ్డీ ఒకటి బిగించి, సన్న తేడానైనా ముల్లుతో చూపించే డయల్ గేజి ఆనించి, చక్‌ని చేత్తో తిప్పమన్నారు. డయల్ ముల్లు అటూ ఇటూ ఊగింది. అంటే కడ్డీ నడిమధ్యన తిరగడం లేదు. అలాంటి చక్ మీద ఒక చివర తిప్పి, తిరగేసి రెండో చివర తిప్పితే రెండూ ఒకే గీత మీదికి రావు. బేరింగు మాడక ఏం చేస్తుంది!

చక్ విప్పాం. దవడలను నడిపే మరలో నా పసుపు ఎండి గట్టిగా పట్టేసి ఉంది. ఆయన పడీ పడీ నవ్వారు. "ఓలమ్మీ! బొట్టెట్టమంటే సక్కుకి నలుగెట్టినావేటి!" కిరసనాయిలుతో కడిగి, దవడల మీది నంబర్ల వరసలోనే మళ్లీ ఎక్కించాం. ముల్లు ఊగడం సగానికి తగ్గింది. మిగతా సగం అరుగుదల. దవడలు మూతి దగ్గర అరిగిపోయి, లోపలి అంచుతోనే పట్టుకుంటున్నాయి.

వాటిని సరిచెయ్యడానికి నేను ఖాళీ చక్ మీదే సానరాయి పెట్టబోయాను. చెయ్యి పట్టుకుని ఆపారు. "ఖాళీ నోట్లో పళ్లు సూడకు. నమిలేటప్పుడు ఎలగున్నాయో సూడాల." దవడల లోపలి చివర ఒక రింగు పెట్టి, గట్టిగా పట్టించి, ఆ బిగువు మీదే సాన పట్టించారు. వదులుగా ఉన్నప్పుడు నేరుగా నిలిచిన దవడ బిగిస్తే కొంచెం ఒరుగుతుందట. రాయి పొడి పడకుండా మిషను మీద తడిగుడ్డలు కప్పడం, రాయి అందక రింగు చోట మిగిలిన మెట్టును తర్వాత తీసెయ్యడం అన్నీ నా చేతే చేయించారు. తను స్టూలు మీంచి లేవలేదు.

అయినా ముల్లు వెంట్రుకవాసి ఊగుతూనే ఉంది. నేను నిట్టూరిస్తే, "పాత సక్కుకి సున్నా రాదమ్మీ. ఎంత తేడా ఉన్నాదో తెలిస్తే, అది నువ్వు సెప్పినట్టు ఇంటాది" అన్నారు. ఆ తేడాకి పలచటి రేకు ముక్క ఏ దవడ కింద పెట్టాలో కూడా చూపించారు.

ఆ రైతుకి కొత్త షాఫ్టు నేనే తిప్పాను. మావయ్య డయల్ ఆనించి అతన్ని వంగి చూడమన్నారు. ముల్లు దాదాపు కదల్లేదు. "ఎవులు సేసినారో ముల్లుకి తెల్దు బావూ" అన్నారు. రైతు షాఫ్టు భుజాన వేసుకుని వెళ్లాడు, తర్వాత వాళ్ల ఊరి వాళ్లనీ పంపాడు. మావయ్య ఆ రోజు చక్‌ని అడగమనకపోతే నేనీపాటికి వంటింట్లోనే ఉండేదాన్ని. ఆయన లాంటి మనిషి నాకు మళ్లీ దొరకరు.

పోయే ముందు రోజు, ఆదివారం సాయంత్రం ఆస్పత్రిలో సెలైన్ మార్చడానికి వచ్చిన నర్సు, "మీ అమ్మాయా తాతా?" అని అడిగింది. అప్పటికే ఆయన మాట కూడదీసుకోవలసి వస్తోంది. నా అరచెయ్యి పట్టుకుని, కాయలు కాసిన చోట బొటనవేలితో రాస్తున్నారు.

"కోడలు" అన్నారు. అంతలోనే తల అడ్డంగా ఊపారు. "కాదు. మా మేస్త్రి."

నర్సు నవ్వి వెళ్లిపోయింది. ఆయన బొటనవేలు నా చేతి కాయలను ఒక్కొక్కటే తడుముకుంటూ ఉంది.