సాయన్న చూసిన బర్రెలు

సాయన్నకు బర్రెలు చూసే పిచ్చి. కొనే పిచ్చి కాదు, చూసే పిచ్చి. గద్వాలలో మేడమీద రెండు గదుల అద్దె ఇంట్లో ఉండే మనిషి, గడ్డిపరక మొలిచేంత జాగా కూడా లేని మనిషి, అమరచింత చుట్టుపక్కల ఏ ఊరికి వెళ్లినా ప్రతి కొట్టంలో దూరి బర్రెల పళ్లు లెక్కపెట్టేవాడు. అతను వాడ మలుపు తిరిగితే చాలు, బర్రెలు వాటంతటవే నోళ్లు తెరిచేవట.

శిల్ప నాగర్‌కర్నూలుకు మారి ఏడేళ్లయింది. ఇప్పటికీ దారిలో బర్రె అడ్డమొస్తే ఆమెకు సాయన్నే గుర్తొస్తాడు. నవ్వొస్తుంది, ఆ రోజులు మళ్లీ వస్తే బాగుండుననీ అనిపిస్తుంది.

అప్పట్లో ఇద్దరూ గద్వాలలో హెచ్ఐవీ ఉన్నవాళ్లకు తోడుగా నిలిచే ఒక చిన్న సంస్థలో పనిచేసేవారు. నెలనెలా దవాఖానలో మందులు తీసుకోవలసిన వాళ్లలో ఎవరు రాలేదో జాబితా వచ్చేది. వాళ్ల ఇళ్లకు వెళ్లి, నచ్చజెప్పి, మళ్లీ మందులు మొదలుపెట్టించాలి. శిల్ప కొత్తగా చేరింది, కాలు నిలిచేది కాదు. సాయన్నతో బయల్దేరితే మాత్రం ఒక్క మనిషిని కలవడానికి ఒక పూట పట్టేది.

నాగప్ప అనే రైతు కొట్టం ముందు ఎప్పుడూ ఇదే తంతు.

"కొమ్ములు జర గర్వంగున్నయ్ నాగప్పా."

"కొమ్ములతోని పాలు పిండుతవా ఏంది?"

"తోక గూడ పొట్టిగుంది."

"నువ్వు సూడబట్టి పదకొండుసార్లాయె. పిల్లను సూడనీకి వచ్చెటోడు గూడ గిన్నిసార్లు రాడు."

సాయన్న ఏమాత్రం నొచ్చుకోకుండా పక్కింటికి, ఆ పక్కింటికి, అలా వాడంతా తిరిగేవాడు. బర్రె లేని ఇంట్లో కూడా కూర్చుని చల్ల తాగి, ఎవరింట్లో ఉందో వాకబు చేసేవాడు. శిల్ప నీడలో నిలబడి గడియారం చూసుకునేది.

"మనం వచ్చింది ఒక్క ఇంటికి. పన్నెండిండ్లు ఎందుకు తిరుగుడు సాయన్నా?"

"బర్రెను తొందరపడి కొనొద్దు బిడ్డా."

ఒక శ్రావణంలో భీమమ్మ పేరు జాబితాకెక్కింది. నాగప్ప ఇంటికి ఎదురిల్లే ఆమెది. బొంబాయి కూలికి వెళ్లిన భర్త జబ్బుతో పోయాడు. ఆమె మాత్రం మందులు వేసుకుంటూ గట్టిగానే ఉంది, అందరితో సమానంగా కలుపు తీస్తోంది. జబ్బు సంగతి వాడలో ఎవరికీ తెలియదు. తెలిస్తే కూలికి పిలిచేవాళ్లుండరని ఆమె భయం. ఆ నెల కలుపులు తెమలక దవాఖానకు రాలేదు, అంతే.

సాయన్నకు జ్వరం. శిల్ప అరగంటలో పని ముగిస్తానని సంస్థ జీపెక్కింది. జీపు తలుపు మీద ఎర్ర రిబ్బను బొమ్మ. అది ఏ జబ్బుకు గుర్తో గోడల మీద చూసి చూసి ఊళ్లో అందరికీ తెలుసు. బస్టాండులో ఆపి "భీమమ్మ ఇల్లెక్కడ?" అని అడిగింది కూడా. జీపు వెంట సగం వాడ వచ్చింది.

భీమమ్మ తలుపేసుకుంది. "నువ్వెవరో నాకు తెల్వదు. పో" అని లోపలి నుంచే అంది.

శిల్ప ఏడుస్తూ వచ్చి చెబితే సాయన్న దుప్పటి తీసి పక్కన పెట్టాడు. "ఊరు నాలుగు మాటలు కల్పించకముందే పోవాలె. దా."

వాళ్లు చేరేసరికి నాగప్ప అరుగు మీద పంచాయితీ నడుస్తోంది.

"ఆ జీపు భీమమ్మ ఇంటికెందుకొచ్చె సాయన్నా?" అన్నాడు నాగప్ప.

"నేనే తోలిన. నీ బర్రెను కొని భీమమ్మకు మేపనీకి ఇద్దామనుకున్న. మేపుతదో లేదో అడిగి రమ్మన్న ఈ పిల్లను. బస్సు దొరకక ఆ జీపెక్కిందంట."

సాయన్న ఏ సంస్థ మనిషో వాడలో ఎవరికీ తెలియదు, బర్రెల పిచ్చోడనే తెలుసు. అరుగంతా నవ్వింది. "నువ్వు బర్రె కొంటవా? అయితే ఇప్పుడే కొను, మేం సూస్తం."

సాయన్న బర్రె దగ్గరకు వెళ్లాడు. పన్నెండోసారి పళ్లు చూశాడు. పెట్టడానికి కొత్త వంక ఒక్కటీ మిగల్లేదు. బయానా ఇచ్చి పలుపు చేతికి తీసుకున్నాడు. స్కూటరుకని దాచుకున్నదంతా ఆ బర్రెకే పోయింది.

మేపు భీమమ్మది, పాలు భీమమ్మవి, దూడ పుడితే చెరిసగం. ఆ వైపు ఇది మామూలే కాబట్టి ఎవరికీ వింత అనిపించలేదు. పైగా జీపు సంగతి మరిచి, బేరంలో ఎవరు మోసపోయారని వాదులాటకు దిగారు.

"భీమమ్మా, బర్రెను కట్టెయ్యి" అంటే తలుపు తెరుచుకుంది. పలుపు అందిస్తూ సాయన్న గొంతు తగ్గించి, "రేపు మొదటి బస్సుకు దవాఖానకు రా. బర్రె కాగితాల పనుందని చెప్పు" అన్నాడు.

పన్నెండిళ్లు తిరిగితే అందులో తాము ఏ ఇంటికోసం వచ్చారో కనిపెట్టడం ఎవరి తరమూ కాదని శిల్పకు అప్పుడు తెలిసింది. సిగ్గుతో తల వంచుకుంది. తిరుగు బస్సులో "మరి స్కూటరు?" అని మెల్లగా అడిగింది.

"దానికి పండ్లుండవు గద బిడ్డా. మంచిదో కాదో ఎట్ల తెలుస్తది?"

మర్నాడు పొద్దున్నే భీమమ్మ వచ్చింది. మందులు తీసుకుని కొంగున కట్టుకుంది. శిల్ప తప్పయిందని చేతులు పట్టుకుంటే, ఆమె అంది: "పోనీ తియ్యి. ఈపారి జీపుల రాకు. మా ఇంటికి వచ్చేముందు పదిండ్లు తిరుగు. బర్రెల సంగతి నీకు తెల్వదుగని, కోళ్లను సూడు."

నాగర్‌కర్నూలు దగ్గర బిజినేపల్లి చుట్టుపక్కల ఊళ్లలో ఇప్పుడు శిల్పను కోళ్ల మేడం అంటారు. ఏడేళ్లుగా చూస్తూనే ఉంది, ఒక్క కోడీ ఆమెకు నచ్చలేదు.