అక్క పాసైన షుగరు పరీక్ష

కువైట్‌లో మా ఇన్సూరెన్స్ ఇఖామాతోపాటే, అంటే ఇక్కడ ఉండనిచ్చే పర్మిట్‌తోపాటే వస్తుంది, దాంతోపాటే పోతుంది. కొత్త చట్టం వచ్చాక పద్ధతి మారింది. గుర్తింపు కార్డు మీద ఏ ఏరియా అడ్రసుంటే ఆ ఏరియా క్లినిక్కుకే ముందు పోవాలి. అక్కడి డాక్టరు అవసరమనుకుంటే చీటీ రాస్తాడు. చీటీ ఉంటేనే పెద్దాసుపత్రి. ఇది ప్రయోగమట, బాగా నడిస్తే ఉంచేస్తారట. ఎవరి మీద ప్రయోగమో ఎవరూ అడగలేదు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడని మన సామెత. మా పూజారి ఒక ఈజిప్టు డాక్టరు. మనిషి మంచివాడే.

నేను అర్దియా అనే ఏరియాలో ఒక ఇంటి డ్రైవర్ని. మా సొంత అక్క అదే వీధిలో ఇంకో ఇంట్లో పనిమనిషి. మాది కడప పక్క పల్లె. ఆ ఎండాకాలం అక్క చెప్పుల్లేకుండా నిలబడి హోష్ కడిగింది. హోష్ అంటే ఇంటి ముందు బండల వాకిలి, పెనంలా కాలుతుంది. కాలు కాలిందని ఆమెకు తెలియలేదు, సాయంత్రం బొటనవేలి కింద పొక్కు చూసి తెలుసుకుంది. పొక్కు పుండయింది, పుండు మానలేదు.

క్లినిక్కుకు తీసుకుపోయాను. డాక్టరు చూసి, ఆదివారం పరగడుపున వస్తే షుగరు పరీక్ష చేస్తానన్నాడు. షుగరుంటే చీటీ రాస్తాడు, లేకుంటే ఆయింట్‌మెంటు. ఇందులో అర్థం కానిది ఏమీ లేదని నేననుకున్నాను.

మా ఊళ్ళో పరీక్షంటే వేరే సంగతి. గల్ఫుకు బయల్దేరే ముందు మెడికల్, దిగాక మళ్ళీ మెడికల్. ఫిట్ అయితే ఉంటావు, అన్‌ఫిట్ అయితే వచ్చిన దారినే పోతావు. అందుకే మావాళ్ళు పరీక్షకు పోయేముందు రక్తాన్ని కూడా చదివించి పంపిస్తారు. అక్క ఆదివారం దాకా అన్నం ముట్టలేదు. కాకరకాయ రసం, మెంతుల నీళ్ళు తాగింది. పైగా ఊరి నుంచి ఎవరో తెచ్చుకున్న షుగరు మాత్రలు అడిగి తీసుకుని మింగింది. నాకు ఒక్క ముక్క చెప్పలేదు.

షుగరు నార్మల్ అని వచ్చింది. డాక్టరు ఆయింట్‌మెంటు రాసి నవ్వాడు. అక్క కూడా నవ్వింది.

"పాసయినా రా!" అంది కార్లో. దారిలో ఆపించి బస్బూసా అనే రవ్వ మిఠాయి కొనుక్కుని, పాకం కారేలా తినింది.

కొన్నాళ్ళకు పుండు వాసన రావడం మొదలైంది. ముందు పట్టింది వాళ్ళ మామాకి. ఇంటి యజమానురాలిని మేమంతా మామా అనే అంటాం. ఆమె ఫోన్ చేస్తే పోయి చూశాను. వేలు నల్లబడింది. షుగరు లేని మనిషికి ఇదేంటని నేను తల పట్టుకుంటే, అక్క ఉపవాసం సంగతీ మాత్రల సంగతీ చెప్పింది, గొప్పగానే చెప్పింది. నాకు వచ్చిన కోపానికి ఆ వీధంతా వినపడేలా అరిచాను.

"అరవొద్దు. అన్‌ఫిట్ అంటే పంపిచ్చేస్తారు రా. నాకు తెల్దా?"

"అది ఇఖామా మెడికల్ కాదక్కా! షుగరుందంటేనే చీటీ ఇస్తారు. ఫెయిలైతేనే వైద్యం!"

"యాడన్నా ఉంటాదా, ఫెయిలయితే మంచి జరిగేది?" అంది.

బలవంతంగా కారెక్కించాను. డాక్టరుకు ఉన్నదంతా చెప్పాను. ఆయన తిట్టలేదు. ఇంకో పరీక్ష చేయించాడు, మూడు నెలల షుగరు చూపించేది. దాని ముందు కాకరకాయ పని చేయలేదు. కాగితం చూసి డాక్టరు అక్క మొహం చూశాడు, చీటీ రాశాడు. ఆ చీటీ నా చేతిలో పడ్డప్పుడు నాకు ఉద్యోగం వచ్చినంత సంతోషమైంది. అక్క మాత్రం ఎవరో పోయినట్టు ఏడ్చింది.

పెద్దాసుపత్రిలో బొటనవేలు తీసేశారు. ఇంకొంచెం ఆలస్యమైతే కాలే పోయేదన్నారు. ఇఖామా గురించి అక్కడ ఎవరూ బెదిరించలేదు. ఆ మాట అక్కకు మళ్ళీమళ్ళీ చెప్పాను, గెలిచినవాడిలా.

మామా ఆసుపత్రికి వచ్చింది. అక్క చేయి పట్టుకుని నిజంగానే ఏడ్చింది. ఇంత నొప్పితో నా ఇంట్లో పని చేశావా, ఇక చాలు, ఊరికి పోయి సుఖంగా ఉండు అంది. టికెట్ తనే తీసింది. అక్క ఆ ఇంటికి తిరిగొచ్చేసరికి తన మంచం మీద కొత్త పనిమనిషి సంచి ఉంది.

ఎయిర్‌పోర్టుకు నేనే దింపాను. ఏదో ఒకటి అనాలని, "కాలైతే దక్కింది కదక్కా" అన్నాను.

"దక్కింది. దాని మీద్నే పోతాండా" అంది. సంచి తీసుకుని, కుంటుకుంటూ లోపలికి నడిచింది.