నూకాలు మామ్మ పేగుల ఆల్బం

బీచ్ రోడ్డులో ఒడ్డెక్కించి పెట్టిన సబ్‌మెరైన్ కడుపులోకి చూసినవాళ్ళకన్నా మా నూకాలు మామ్మ కడుపులోకి చూసినవాళ్ళే విశాఖపట్నంలో ఎక్కువ. కావాలంటే పందెం కాయండి. సబ్‌మెరైన్‌కి టికెట్టుంది, వారానికో రోజు సెలవుంది. మామ్మ పెద్దపేగుకి ఆ రెండూ లేవు. ఎవరు ఎదురైతే వాళ్ళకి, ఎక్కడ ఎదురైతే అక్కడ, సంచిలోంచి ఆల్బం తీసి తన పేగు చూపించకపోతే ఆవిడకి తిన్నది అరగదు.

ఆ ఆల్బం మా అమ్మానాన్నల పెళ్ళికి స్టూడియోవాడు ఊరికే ఇచ్చింది. అట్ట మీద జంట హంసలుంటాయి. మామ్మ అందులోని పెళ్ళి ఫొటోలు పీకి ట్రంకుపెట్టెలో పడేసి, ఆసుపత్రివాళ్ళు పేగులోకి కెమెరా పెట్టి తీసిచ్చిన రంగు ఫొటోలు దూర్చింది. ఎర్రగా, తడిగా, మలుపులు మలుపులుగా ఉంటాయి. మధ్యలో అక్కడక్కడ శనగగింజంత బుడిపెలు. వాటిని డాక్టర్లు పాలిప్స్ అంటారు, మామ్మ పాలిపులు అంటుంది. ఎంతటివాళ్ళు అడిగినా ఆల్బం చేతికివ్వదు. ప్రతి ఫొటో పైమూల మీదా బొటనవేలు నొక్కిపెట్టి తనే పట్టుకుంటుంది. నలభై ఏళ్ళు చేపలమ్మిన చెయ్యి కదా, జారిపోకుండా పట్టుకోవడం అలవాటనుకునేదాన్ని.

ఒకరోజు మధురవాడ అపార్ట్‌మెంట్లలో చేపలమ్మి ఖాళీ గంపతో బస్సెక్కాం. ఆడవాళ్ళకి టికెట్టు లేదు గానీ కార్డు చూపించాలి. కండక్టరు వచ్చి, “ఆధార్ సూపించమ్మా” అన్నాడు. మామ్మ సంచిలో చెయ్యి పెట్టి ఆల్బం తీసింది.

“ఇదేటి, బొర్రా గుహలా?” అన్నాడు కండక్టరు.

“నా పేగు నాయనా. ఇదిగో, ఈ బుడిపి సూడు. ముందటేడు కోసీసినారు. నిరుడు సూత్తే అక్కడే మళ్ళీ మొలిసీసింది. కోసీసినారు గదాని ఊరుకోకూడదంట. నీకెన్నేళ్ళు?”

“నలభై తొమ్మిది.”

“దొడ్డికెల్తే రక్తం గానీ పడతందేటి?”

కండక్టరు మరి ఆధార్ అడగలేదు. జగదాంబ జంక్షన్ వచ్చేదాకా డ్రైవరు పక్కనే నిలబడ్డాడు.

ఇంకోసారి భీమిలి నుంచి నన్ను చూసుకోవడానికి పెళ్ళివారొచ్చారు. నేనింకా మొబైల్ షాపులో పని దిగలేదు. “ఈలోపు పిల్ల ఫొటో ఉంటే సూపించండి” అంది పెళ్ళికొడుకు తల్లి. జంట హంసల ఆల్బం ఒళ్ళో పెట్టుకునే కూర్చుంది మా మామ్మ. ఆ తల్లికి చూపు ఆనదు, కళ్ళజోడు ఇంట్లో మర్చిపోయింది.

“పిల్ల ఎర్రగానే ఉంది” అంది మొదటి పేజీకి. రెండో పేజీకి, “ముక్కేటి ఇలాగుంది?” అంది.

“అది ముక్కు కాదొదినా, పాలిపు” అంది మామ్మ.

సంబంధం తప్పిపోయింది. పెళ్ళికొడుకు తండ్రి మాత్రం మరుసటి వారమే ఆసుపత్రికి వెళ్ళి పరీక్ష చేయించుకున్నాడట.

“మొదలంటా తీసేశాక మళ్ళీ ఎలా వస్తాయి మామ్మా?” అని ఒకసారి అడిగాను. అప్పుడు చేపల వేట నిషేధం రోజులు. ఏటా ఆ రెండు నెలలూ బోట్లు కదలవు. హార్బర్లో వాటిని పైకి లాగి అడుగున పట్టిన గుల్లలు గీకుతుంటారు.

“ఏటే గుంటా, అదిగో, గుల్లలన్నీ రాలగొట్టి రంగేత్తన్నారా? మరుసటేడు మళ్ళీ పట్టవేటి? బోటుదీ తప్పు కాదు, గీకినోడిదీ తప్పు కాదు. ఏడాదికోపాలి పైకి లాగి సూసుకోవాల. సూడకపోతే బోటే పోద్ది.”

అవి క్యాన్సర్ కావని, వదిలేస్తే కొన్నేళ్ళకి కావచ్చని, తీసినా మళ్ళీ రావచ్చని డాక్టరు అరగంట చెప్పిన సంగతి మామ్మ ఒక బోటుతో తేల్చేసింది.

ఆ పరీక్షకి ఏటా తోడు వెళ్ళేది మామ్మ తమ్ముడు దొరబాబు తాత. ఆయన బోటు డ్రైవరు. ఏడుగురు కళాసీల్ని కేకతో నడిపించే మనిషి. ఆయన మీసం చూస్తే సొరచేప కూడా దారిస్తుందని హార్బర్లో చెప్పుకుంటారు. సూది చూస్తే ఆయనే దారిస్తాడని మా ఇంట్లో చెప్పుకుంటాం.

పరీక్షకి ముందురోజు పేగు కడగడానికి సీసాలకొద్దీ మందునీళ్ళు తాగాలి. “తోడొచ్చినోళ్ళు కూడా తాగాల. ఆసుపత్రి రూలు” అని మామ్మ వీధంతా చాటించింది. ఇద్దరూ అరుగు మీద ఎదురెదురుగా కూర్చుని గ్లాసుకి గ్లాసు తాగేవారు. మా ఇంట్లో మరుగుదొడ్డి ఒక్కటే. మామ్మ లోపలుంటే తాత తలుపు కొట్టేవాడు, తాత లోపలుంటే మామ్మ గోడ కొట్టేది. ఆరోసారి బయటికొచ్చేసరికి తాత మీసం తడిసిన తాడులా వేలాడేది. “మా అప్ప కోసం సేత్తన్నాను” అనేవాడు. అక్క కోసం విరేచనాలు పెట్టుకున్న తమ్ముడు ఇంకెక్కడుంటాడని వీధిలో ఆడవాళ్ళు కళ్ళొత్తుకునేవారు.

ఈ ఏడు ఆ తమ్ముడు అడ్డం తిరిగాడు. “రెండేళ్ళొచ్చినాను. ఇంక రాను అప్పా. ఇంజను పనుంది, రంగు పనుంది.”

“ఒరే, నా పాలిపులురా!”

“నీ పాలిపులకి నీ మనవరాల్ని తీసుకెల్లు.”

“నేనొస్తా మామ్మా” అన్నాను.

“నువ్వెందుకే, నీకేటి తెల్సు!” అని నా మీద విరుచుకుపడింది. ఆ పూట వంజరం చేప పులుసు ముట్టలేదు. మామ్మ వంజరం వదిలేసిందంటే సముద్రం ఉప్పు వదిలేసినట్టే.

నిషేధం ఇంకో పది రోజుల్లో అయిపోతుందనగా, పక్కింటి అప్పాయమ్మకి పరీక్ష పడింది. ఆవిడకి ఏడాదిగా రక్తం పడుతున్నా సిగ్గుపడి ఎవరికీ చెప్పలేదు. మామ్మ ఆల్బం చూశాకే నోరు విప్పింది. మామ్మ చెప్పిన రూలు ప్రకారం ఆవిడ మొగుడు తవిటయ్య కూడా తాగాడు. తోడొస్తానన్న ఆడపడుచు తాగింది. బయట ఆగి తీసుకొచ్చేవాడు కూడా తోడే కదా అని ఆటో తోలే దేవీప్రసాద్ చేత కూడా తాగించారు. ఆటో హార్బర్ నుంచి ఆసుపత్రికి ఏడు చోట్ల ఆగింది.

ఫారం నింపడానికి నన్ను తీసుకెళ్ళారు. నేను తాగలేదు. రూళ్ళంటే నాకు మొదట్నించీ గురి తక్కువ.

“పేషెంటెవరు?” అంది నర్సు. నలుగురూ గోడ పట్టుకునే ఉన్నారు.

“తోడొచ్చినవాళ్ళు తాగాలని మీకెవరు చెప్పారు? అలాంటి రూలే లేదు!”

తవిటయ్య బాత్రూం వైపు పరిగెడుతూనే మామ్మని తిట్టాడు. నేను మాత్రం పెన్ను పట్టుకుని ఆగిపోయాను. రూలు లేకపోతే దొరబాబు తాత రెండేళ్ళూ ఎందుకు తాగాడు?

ఇంటికొచ్చేసరికి మామ్మ పెరట్లో చేపలు తోముతోంది. ఆల్బం తీసి, ఆవిడ బొటనవేలు పెట్టే మూల చూశాను. ఇంటర్లో ఇంగ్లీషు రెండుసార్లు తప్పి చదువు మానేసినదాన్నే గానీ, ఒక పేరు చదవగలను. దొరబాబు. పక్కన వయసు యాభై తొమ్మిది. దాని పక్కన ఎం. పొద్దున్నే ఫారంలో అప్పాయమ్మకి ఎఫ్ రాసొచ్చాను కదా.

“మామ్మా, ఈ పేగు మగాడిది” అన్నాను.

మామ్మ కత్తి కింద పెట్టింది. “మెల్లగా మాటాడే, ఓలమ్మా! ముందటేడు ఆడికి రక్తం పడింది. నాకొక్కదానికే సెప్పినాడు. ఎనక నుంచి కెమెరా ఎట్టించుకున్నానని కళాసీలకి తెలిస్తే ఇంక నా మాట ఎవుడింటాడు, సచ్చిపోతాను గానీ ఎల్లనన్నాడు. దాంతో నాకే వచ్చిందని సెప్పీసినాను. నాకేటి సిగ్గు?”

“మరి ఆ నీళ్ళు నువ్వెందుకు తాగావు?”

“ఆడొక్కడే తాగితే ఊరికి తెలిసిపోదేటి?”

“అయితే నీ పేగు?”

ఆల్బం ఆఖరి పేజీ వెనకనుంచి మడతపడిన ఫొటో ఒకటి తీసింది. “తోడబుట్టినోళ్ళకీ సూడాలన్నారని ముందటేడు నాకూ సూసినారు. ఒక్కటీ నేదు” అంది, పరీక్ష తప్పినదానిలా. “అందులో ఏటుంది ఒకలికి సూపించడానికి!”

ఆ ఫొటో మళ్ళీ మడిచి ఆల్బం వెనక దూర్చేసింది. “నిరుడు మళ్ళీ మొలిసింది మంచిరకం కాదన్నారే. ఈ ఏడు సూడకపోతే ముప్పన్నారు. ఆడేమో రానంతన్నాడు. నానొక్కదాన్నే ఎల్తే నా పేగు సూత్తారు గానీ ఆడిది సూత్తారేటి?”

మర్నాడు పొద్దున్నే జెట్టీకి వెళ్ళాను. తాత రంగు డబ్బాల మధ్య నిలబడి కళాసీల మీద అరుస్తున్నాడు. నేను అంతకన్నా గట్టిగా అరిచాను. “ఎల్లుండి మామ్మకి పరీక్ష! తాత రానన్నాడు. తోడెవరైనా వస్తారా?”

“నానొత్తాను. ఆవిడ పులుసు ఎన్నిపాల్లు తిన్నాను!” అన్నాడు మోహన్ అనే కళాసీ. ఇంకో ముగ్గురు చేతులెత్తారు. “ఏటి సెయ్యాల?”

“ఏంలేదు. కౌంటర్లో ఫైలివ్వాలి. వాళ్ళు పేషెంటు పేరు పిలుస్తారు” అని దొరబాబు తాత కళ్ళలోకి చూశాను. “మైకులో పిలుస్తారు.”

తాత మీసం ఒక పక్కకి జారింది.

“ఎవుడూ రానక్కర్నేదు! మా అప్ప, నానే ఎల్తాను. పని సూడండ్రా!” అని కసిరి, నా పక్కనుంచి వెళుతూ గొంతు తగ్గించాడు. “నీకు తెలిసిపోనాదేటే?”

“ఏంటి తాతా?”

“ఏటీ నేదు.”

మళ్ళీ అరుగు, మళ్ళీ సీసాలు, మళ్ళీ ఒక్క మరుగుదొడ్డి. ఈసారి ఆవగింజంతది ఒక్కటే దొరికింది. అక్కడికక్కడే తీసేశారు. రిపోర్టు బాగుందట, ఇంక మూడేళ్ళకి రమ్మన్నారు. తాత ఆ సాయంత్రమే జెట్టీకి వెళ్ళి అందరి మీదా అరిచాడు. మామ్మకే దిగులు పట్టుకుంది. మూడేళ్ళపాటు కొత్త ఫొటో లేకుండా జనానికి ఏం చూపించాలి?

ఇదంతా రాసి మామ్మకి చదివి వినిపించాను. “మరి ఇది అచ్చయితే తాత పరువు పోదా మామ్మా?” అని అడిగాను.

మామ్మ ఆల్బం మూసి సంచిలో పెట్టుకుంది.

“రాసుకోయే. ఆ పేగు నాదని ఇశాపట్నం అంతా కళ్ళారా సూసింది. ఇంగ్లీషు తప్పినదాని మాట ఎవులు నమ్ముతారు?”