విజిల్ మాయమైన పూట

సత్తెనపల్లిలో నాది గాజులు, రిబ్బన్లు అమ్మే ఫ్యాన్సీ దుకాణం. మ్యాజిక్ నా రెండో వ్యాపారం. అందులో లాభమన్నది ఎప్పుడూ చూడలేదు కనుక దాన్ని కళ అంటుంటాను.

మా దుకాణానికి పూసలు కొనడానికి ఒక టీచరమ్మ వస్తుంటుంది. నరసరావుపేటలో మానసిక దివ్యాంగుల కోసం పగటి బడి నడుపుతోంది. "మా పిల్లలకి ఓసారి మ్యాజిక్ చేసి పెట్టండి అన్నయ్యగారూ" అంటే సరేనన్నాను. వెళ్లాక చూస్తే ఆ పిల్లల్లో సగం మందికి నాకంటే ఎక్కువ జుట్టు నెరిసింది.

ఆ రోజు పొద్దుట్నుంచే నాకు కుదురు లేదు. మామూలు బడుల వార్షికోత్సవాల్లో పిల్లలు నేను చూడమన్న చెయ్యే చూస్తారు. నా విద్యంతా ఆ చూపు మీదే నడుస్తుంది. ఇక్కడ ఎవరు ఎటు చూస్తారో తెలియదు. బస్సులో కూర్చుని పేకముక్కలు కలుపుతూనే ఉన్నాను. పక్కాయన నన్ను మూడుముక్కలాట బాపతు అనుకున్నాడేమో, ఊరు దాటకముందే లేచి వెనక సీటుకు పోయాడు.

భోజనాల వసారాలోనే నా ప్రదర్శన. బ్యాండు మేళానికి దుస్తులు కుట్టే టైలరు కుట్టిన జరీ అంచు కోటు వేసుకున్నాను. అందులో నేను మాంత్రికుడిలా ఉండను, ఊరేగింపులో బాకా పోగొట్టుకున్నవాడిలా ఉంటాను. ఎర్ర రుమాలును పచ్చగా మార్చాను. ఒకమ్మాయి "మళ్లీ" అంది. మార్చాను. "మళ్లీ" అంది. ఒకే విద్యను వెంటవెంటనే చూపిస్తే దొరికిపోతామని మా మ్యాజిక్ వాళ్లకు భయం. ఇంకొకాయన లేచి వచ్చి తాపీగా నా వెనక నుంచున్నాడు. అక్కడినుంచి గుట్టంతా కనిపిస్తుంది. కనికట్టుకని పోతే నాకు కాలికట్టయింది.

ఏదైనా పెద్దది చేస్తే తప్ప గట్టెక్కననిపించింది.

ముందు వరసలో మెడలో విజిల్ వేలాడేసుకున్న మనిషి కూర్చున్నాడు. నలభై దాటి ఉంటాయి. అందరూ కండక్టరంటారు. ఆయన ఊదితేనే అక్కడ అన్నం. కంచాల్లో వడ్డించినా సరే, ఈల పడేదాకా ఎవరూ ముద్ద ముట్టరు. ఎవరు ముందు తినాలన్న కొట్లాటలు ఆ పద్ధతితోనే ఆగాయని టీచరమ్మ చెప్పింది.

"అన్నా, ఆ విజిల్ ఒకసారి ఇస్తావా?" అన్నాను. తాడు నుంచి విప్పి రెండు చేతులతో అందించాడు.

నా కోటు చేతిలోపల ఒక సాగే దారం ఉంటుంది, దాని కొసన క్లిప్పు. దేన్నయినా తగిలించి వదిలితే సర్రున లోపలికి పోతుంది. విజిల్ కూడా పోయింది. ఖాళీ చేతులు చూపించాను. చప్పట్లు మోగాయి. కండక్టరు మాత్రం కొట్టలేదు.

"నా విజిలేది?"

"మాయమైంది."

"ఎవురు తీసుకున్నారు?"

"ఎవరూ కాదన్నా, మంత్రం తీసుకుంది."

"యాడుంటది మంత్రం? పిలువు."

నవ్వుతూ దారం లాగాను. దారం తెగి చేతికొచ్చింది. విజిల్ రాలేదు. ముఖాన నవ్వు అలాగే ఉంది, దానిమీద చెమట దిగుతోంది.

ఈలోగా వంటామె వడ్డించేసింది. సాంబారన్నం పొగలు కక్కుతోంది. ఒక్క చెయ్యి కదలలేదు. "ఇయ్యాళ్టికి ఈల లేకుండా తినండమ్మా" అంది టీచరమ్మ. అందరూ కండక్టరు వంకే చూస్తున్నారు. ఆయన ఖాళీ తాడు పట్టుకుని గుమ్మందాకా పోతాడు, వస్తాడు, మళ్లీ పోతాడు.

"అన్నం సల్లారిపోతంది. నన్ను తీసేస్తారు" అన్నాడు.

"నిన్నెవురు తీసేస్తారయ్యా?" అంది టీచరమ్మ.

"విజిల్ లేకపోతే కండక్టరేంది?"

నేను కోటు జేబులన్నీ తడుముతున్నాను. వంటామె గరిటె పక్కన పెట్టి, "ఇప్పవయ్యా ఆ బ్యాండుకోటు. అందులోనే ఏడనో ఉంటది" అంది. విప్పాను. అస్తరు చిరుగులోంచి జారిన విజిల్ కోటు అడుగు అంచులో ఇరుక్కుంది. కాగితాలు కత్తిరించే మొద్దు కత్తెరతో నేను కుట్లు కోస్తుంటే, కండక్టరు అంచును గట్టిగా పట్టుకుని నిలబడ్డాడు, మళ్లీ ఎటూ పోకుండా.

బయటికి తీసి చొక్కాకు తుడుచుకుని ఊదాడు. ఉస్సుమని గాలి వచ్చింది. ఈల రాలేదు. ఇంకోసారి ఊదాడు. తర్వాత దాన్ని మెల్లగా నా చేతిలో పెట్టేశాడు.

"ఇది నాది కాదు. నాది పలుకుద్ది."

కోటు భుజాల్లో కుక్కిన దూది రాలి విజిల్లోకి చేరింది. వంటామె జాకెట్టు పిన్నీసు తీసి ఇచ్చింది. కిటికీ వెలుగులో నిలబడి దూదిని పోగు పోగుగా లాగుతున్నాను. నా ప్రదర్శనల కరపత్రంలో వేళ్ల చురుకుదనం గురించి నేనే రాసుకున్న పొగడ్తలు గుర్తొచ్చాయి. పిన్నీసు జారి రెండుసార్లు నన్నే గుచ్చింది. వెనక ఇంకా ఎవరూ తినడం లేదు.

ఈసారి కండక్టరు ఊదితే వసారా అదిరింది. చేతులన్నీ ఒక్కపెట్టున కంచాల్లోకి దిగాయి.

నాకూ ఒక కంచం పెట్టారు. అప్పుడు తెలిసింది ఎంత ఆకలిగా ఉన్నానో. ముద్ద కలపబోయాను.

"ఆగు" అన్నాడు కండక్టరు. "నీకు ఊదలా."

"పోనీలేవయ్యా, మన ఇంటికొచ్చిన మనిషి" అంది టీచరమ్మ. ఆయన వినిపించుకోలేదు. విజిల్‌ను చొక్కా లోపల వేసుకుని, పై గుండీ పెట్టుకుని, నాకు ఎదురుగా కూర్చుని తినడం మొదలుపెట్టాడు. బాగా నమిలి నమిలి తింటున్నాడు. వంటామెను పిలిచి మారు వడ్డించుకున్నాడు. మధ్యమధ్య నా చేతులవంక చూస్తున్నాడు. ఆయనకు బాగా కనిపించేలా వాటిని కంచానికి చెరోవైపు పెట్టుకుని కూర్చున్నాను.