డూటీ కూత కాదు

"అమ్మమ్మా, వెనక పడినోడికి తిన్నగా దొరక్కూడదు, మెలికలు తిరగాల!" అంటూ మనవరాలు కంప్యూటర్‌లో యుద్ధవిమానాన్ని తిప్పింది. కూలిపోయి, నవ్వి, మళ్లీ ఎగిరింది. నాకు రోత పుట్టింది.

నా ఆరో ఏట, యుద్ధమప్పుడు, ఖరగ్‌పూర్‌లో సైరన్ మోగింది. నాన్న పనిచేసే రైల్వే వర్క్‌షాపులో డూటీ అయిన కూత అనుకుని ఆయనకి ఎదురు పరుగెత్తాను. బాంబులు పడితే దాక్కోడానికి తవ్విన కందకంలోకి అమ్మ నన్ను లాగింది. అందులో అంతకుముందే ఎవరో దొడ్డికి వెళ్లి ఉన్నారు.

"ఛీ, కంపు! నాను దిగను. నాన్నొచ్చేస్తన్నాడు!"

"డూటీ కూత కాదే, బాంబుల కూత! పడుకోయే!"

మలం నా చెంపకీ, అమ్మ చేతులకీ అంటింది. అమ్మ వణుకుతుంటే నన్ను అసహ్యించుకుంటోందనుకున్నాను. ఆవిడ భయమంతా నాన్న గురించేనని చాలా ఏళ్లకు తెలిసింది.

నాన్న తిరిగొచ్చాక, అమ్మ ఆ కంపు చేతులతోనే ఆయన మొహమంతా తడిమింది. ఆయన తుడుచుకోలేదు.