ఎర్ర చుక్కల గోడ

మంగళవారం సాయంత్రం నాలుగూ ఇరవైకి మిరప మేస్త్రీకి నేను టీ ఇచ్చాను. టైం గుర్తుండటానికి కారణం మీటింగ్ రిజిస్టర్. ఎవరు ఎప్పుడు వచ్చారో అందులో రాయాలి. మాది విదేశీ సాయంతో నడిచే ప్రాజెక్టు. అడవి అంచు ఊళ్ల నుంచి ఆడపిల్లలను పని పేరుతో తీసుకుపోయి అమ్మేయకుండా చూడటం దాని ఉద్దేశం. జూలూరుపాడు అవతల మా ఊళ్లో అప్పట్లో ఆ ఉద్యోగం చేసేది నేను.

ఏటా మిరపకాయలు ఏరడానికి ఊరి జనాన్ని బండి ఎక్కించుకుపోయేవాడు ఆ మేస్త్రీ. ఎవరు ఎటు పోతున్నారో అందరికంటే ముందు అతనికే తెలుస్తుందని, ఊరి నిఘా కమిటీలో అతన్ని కూడా వేశాం. వేయమన్నది నేనే.

కమిటీ హాలు బయటి గోడ మీద ఒక పట్టిక ఉండేది. ప్రతి ఇల్లు, ఆ ఇంటి ఆడపిల్ల పేరు, వయసు. తల్లి లేకపోయినా, బడి మానేసినా పేరు పక్కన ఎర్ర చుక్క. ముందు ఎవరిని కాపాడాలో ఊరందరికీ తెలియాలని అలా పెట్టారు. సాయం చేసే దేశం నుంచి వచ్చినవాళ్లు ఆ గోడ ముందు నిలబడి ఫోటోలు దిగేవారు. నా చేతిరాత బాగుంటుందని నాతోనే రాయించారు.

చనిపోయిన మా అక్క కూతురు నా దగ్గరే పెరిగింది. పదో తరగతి మధ్యలో మానేసింది. ఆ పిల్ల పేరు కూడా రాసి చుక్క పెట్టాను.

"నాకు గూడ పెట్టినవా చిన్నమ్మా? నేనేమన్న పోయే పిల్లనా?" అని నవ్వింది.

"రూల్ అందరికీ ఒకటే."

"అయితే జర పెద్దగ పెట్టు. దూరం నుంచి కనపడాలె."

ఆ మంగళవారం టీ తాగి, మేస్త్రీ ఫోన్ తీసి గోడను ఫోటో తీశాడు.

"మంచిగ రాసిన్రు మేడం. పక్కూరోళ్లకు చూపిస్త."

నాకు సంతోషమైంది. అది దాచను.

తర్వాతి వారం రివ్యూ మీటింగుకు భద్రాచలం వెళ్లాను. తిరిగి వచ్చేసరికి ఇంట్లో పిల్ల లేదు. మేస్త్రీ వచ్చి కుట్టు ట్రైనింగ్ అన్నాడట, ప్రాజెక్టోళ్లే పంపుతున్నరన్నాడట, మీ చిన్నమ్మకు ఎరుకేనన్నాడట. ఆ రోజు బండి ఎక్కిన ముగ్గురికీ గోడ మీద ఎర్ర చుక్క ఉంది.

మిగతా ఇద్దరు దారిలోనే దిగి పారిపోయి వచ్చారు. మా పిల్ల ఏడాదికి పైగా వేరే రాష్ట్రంలో తాళం వేసిన ఇంట్లో ఉంది. పోలీసులు తీసుకొచ్చేటప్పటికి ఊపిరితిత్తులు పాడైపోయాయి. ఇరవై రోజులు బతికింది. దవాఖానాలో ఒకసారి నా చెయ్యి పట్టుకుని, "పోయే పిల్లనే అయిన గద చిన్నమ్మా" అంది.

మేస్త్రీ ఫోన్లో ఉన్న ఫోటోను స్టేషన్లో ఎస్ఐ నాకు చూపించాడు. నా అక్షరాలు, నా చుక్కలు. మేస్త్రీ అక్కడే కూర్చుని ఉన్నాడు.

"ఎవరికి తల్లి లేదో, ఎవరు బడికి పోతలేరో అన్నీ గోడ మీదనే ఉండె సార్. ఇగ ఇల్లిల్లు తిరుగుడెందుకు?" అన్నాడు.

ప్రాజెక్టు ఆఫీసులో మా సారు, ఇది రిపోర్టులో రాయొద్దన్నాడు. ఫండ్ ఆగిపోతే మిగతా ఊళ్లకు నష్టం అన్నాడు. నేను రాశాను. గోడ ముందు ఫోటో దిగిన విదేశీయుల్లో అడ్రసు దొరికిన ప్రతి ఒక్కరికీ వాళ్లు దిగిన ఆ ఫోటోనే పంపి, కింద పిల్ల చనిపోయిన తేదీ రాశాను. ఒకరు విచారం తెలిపారు. నాకు కావలసింది విచారం కాదు. ఆ ఫోటో చూసినప్పుడల్లా వాళ్లకు ముద్ద దిగకూడదు.

మేస్త్రీ బెయిలు మీద బయటికొచ్చాడు. ప్రతి వాయిదాకూ కోర్టుకు వెళ్లి, అతను తల ఎత్తితే కనిపించే చోట కూర్చుంటాను. ఒకసారి వరండాలో ఆపాడు.

"రాజీ పడుదాం మేడం. ఎన్నేండ్లు తిరుగుతవు?"

"నువ్వు తిరిగినన్నేండ్లు."

క్షమిస్తే మనసు తేలికవుతుందని చాలా పుస్తకాల్లో చదివాను. నాకు తేలిక కావాలని లేదు.

ఉద్యోగం మానేసిన రోజే హాలు గోడకు సున్నం వేశాను. ఆరాక కొత్త పట్టిక రాశాను. మనుషులను పనికి తీసుకుపోవడానికి మా ఊరొచ్చే ప్రతి మేస్త్రీ పేరు, ఊరు, బండి నంబరు. అందరికంటే పైన అతని పేరు, పక్కన ఎర్ర చుక్క. సారు వచ్చి చూశాడు.

"కేసు తేలకముందే పేరు రాయొచ్చా అమ్మా?"

"పిల్లల పేర్లు ఏ కేసు తేలినంక రాయించిన్రు సార్?"

ఆయన గోడ వైపు చూసి వెళ్లిపోయాడు. వానకు ఆ చుక్క వెలిసినప్పుడల్లా మళ్లీ రంగు వేస్తున్నాను. కొత్తగా బండి తెచ్చినవాడు ముందు తన పేరు గోడ మీద రాయించుకోవాలి. రాయించుకోనివాడి బండి ఎవరూ ఎక్కరు.

మా ఊళ్లో ఇప్పుడు ఏ ఆడపిల్ల పేరూ గోడ మీద రాయడం లేదు.